ఒక గుణకము – నాలుగు ప్రశ్నలు: కరెంటు బిల్లునుండి బొగ్గుపులుసు వాయువును లెక్కించు పద్ధతిపై విమర్శ

కరెంటు బిల్లుపైనున్న యూనిట్ల సంఖ్యను ఒక గుణకముచే హెచ్చించి, "మా యింటివలన నెలకు ఇన్ని కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియుచున్నది" అని చెప్పుట నేడు మన ఉన్నత పాఠశాలలలో పరిపాటియైనది. వైజ్ఞానిక ప్రదర్శనలలో ఇట్టి పటము ఒకటైనను కనబడును. బడిలోనే కాదు, వ్యాపార సంస్థల వార్షిక నివేదికలలోను ఇదే లెక్క చోటుచేసికొన్నది. షేర్ మార్కెట్టులో నమోదైన కంపెనీలలో మొదటి వేయింటికి 2022-23 నుండి పర్యావరణ వివరములు ప్రకటించుట విధిగా చేయబడినది. అందు గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కయు ఒక భాగము.

లెక్క సులభము, కనుకనే వ్యాపించినది. కాని సులభమైన లెక్క చేతికి వచ్చినప్పుడు, అది ఏ ప్రశ్నకు సమాధానమో అడుగుట మనము మరచుచుందుము. ఈ వ్యాసమున ఆ గుణకము ఎట్లు పుట్టినదో మొదట చూచి, పిదప దానిని నాలుగు ప్రశ్నలు అడుగుదము.

గుణకము ఎట్లు పుట్టినది?

మన దేశమున ఈ గుణకమును ప్రకటించునది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ. 2006 నుండి ఆ సంస్థ దేశములోని విద్యుత్కేంద్రముల ఇంధన వివరములు సేకరించి, యూనిట్టుకు ఎంత బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) వెలువడుచున్నదో లెక్కగట్టుచున్నది. 2023-24 సంవత్సరమునకు అది ప్రకటించిన సగటు, యూనిట్టుకు 0.727 కిలోగ్రాములు.

ఈ అంకె ఆకాశమునుండి ఊడిపడలేదు. తరగతిలో నల్లబల్లమీదనే దీనిని ఇంచుమించు రాబట్టవచ్చును. ఒక థర్మల్ కేంద్రమునకు ఒక యూనిట్టు విద్యుత్తు పుట్టించుటకు 2,400 కిలోకేలరీల ఉష్ణము కావలెననుకొందము. మన బొగ్గులో బూడిద మెండు. కిలోగ్రాము బొగ్గు 3,600 కిలోకేలరీల ఉష్ణమిచ్చునని తీసికొన్నచో యూనిట్టుకు 0.67 కిలోగ్రాముల బొగ్గు ఖర్చగును. ఆ బొగ్గులో నూటికి 37 పాళ్లు కర్బనమైనచో, మండెడు కర్బనము 0.248 కిలోగ్రాములు. 12 పాళ్ల కర్బనము 32 పాళ్ల ఆమ్లజనితో కూడి 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువగునని రసాయన శాస్త్రము చెప్పుచున్నది. కావున 0.248ను 44చే హెచ్చించి 12చే భాగించిన 0.91 కిలోగ్రాములు వచ్చును.

ఇంతటితో కాలేదు. కేంద్రములోని పంపులు, పంకాలు, బొగ్గును పొడిచేయు మరలు తామే కొంత విద్యుత్తును వాడుకొనును. అది నూటికి 7 పాళ్లనుకొన్నచో, పుట్టిన ప్రతి యూనిట్టులో 0.93 మాత్రమే గడప దాటును. 0.91ని 0.93చే భాగించగా 0.98 వచ్చును. ఇది కేవలము బొగ్గు విద్యుత్తు సంగతి. జల, అణు, పవన, సౌర కేంద్రములలో విద్యుత్తు పుట్టునప్పుడు ఈ వాయువు వెలువడదు. దేశపు విద్యుత్తులో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గుది. 0.98లో మూడు పాతికలు 0.735. ప్రకటిత గుణకమైన 0.727కు ఇది చాల దగ్గర. సంస్థవారు ఒక్కొక్క కేంద్రపు లెక్కను వేరువేరుగా తీసి కూడినారు. మనము ఉజ్జాయింపుగా చేసితిమి. రెండును కలిసినవి కనుక గుణకమును నమ్మవచ్చును.

నెలకు 200 యూనిట్లు వాడు ఇంటికి ఈ గుణకముచే 145 కిలోగ్రాములు వచ్చును. విద్యార్థి ఇక్కడ ఆగుచున్నాడు. మన ప్రశ్నలు ఇక్కడనే మొదలగును.

మొదటి ప్రశ్న: ఎక్కడ కొలిచినది?

0.727 అనునది విద్యుత్కేంద్రపు గడపవద్ద కొలిచిన అంకె. మన మీటరు మన గోడమీద ఉన్నది. ఈ రెండింటి నడుమ వందల కిలోమీటర్ల తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు కలవు. దారిలో కొంత శక్తి తీగలను వేడిచేయుటకే పోవును. మన దేశమున ప్రసార పంపిణీ నష్టములు ఇటీవలి సంవత్సరములలో ఇంచుమించు ఆరింట ఒక వంతు. అనగా మీటరుమీద 5 యూనిట్లు తిరుగవలెనన్న కేంద్రమునుండి 6 యూనిట్లు బయలుదేరవలెను. అప్పుడు మీటరువద్ద గుణకము 0.727 కాదు, 0.87. 200 యూనిట్ల ఇల్లు 145 కాదు, సుమారు 174 కిలోగ్రాములకు బాధ్యత వహించును.

ఇంగ్లండు ప్రభుత్వము ఏటేట ప్రకటించు గుణకములలో ఈ తీగల నష్టమునకు వేరుగా ఒక గుణకము చూపబడును. అంతర్జాతీయముగా వాడుకలోనున్న గ్రీన్‌హౌస్ వాయు నియమావళియు కొన్న విద్యుత్తును రెండవ పరిధిలోను, తీగల నష్టమును మూడవ పరిధిలోను చేర్చుమనును. మన బడి లెక్కలలో మూడవ పరిధి ఊసే ఉండదు.

అయితే ఈ నష్టమును మొత్తముగా వినియోగదారునిపై వేయుట న్యాయమా? ఇచ్చట ఒక చిక్కు కలదు. లెక్కలలో నష్టమని వ్రాసినదంతయు తీగలలో వేడియై పోయినది కాదు. దొంగ కనెక్షన్లలో వాడబడి బిల్లుకెక్కనిదియు అందు చేరును. మన తెలుగు రాష్ట్రములలో వ్యవసాయపు పంపుసెట్లకు చాలకాలము మీటర్లు లేకయే విద్యుత్తు సరఫరా జరిగినది. ఆ వాడకమును అంచనావేసియే లెక్కించిరి. పొలపు వాడకము ఎక్కువని అంచనావేసినచో తీగల నష్టము తక్కువగాను, తక్కువని అంచనావేసినచో నష్టము ఎక్కువగాను కనబడును. కావున 0.87 అను మన అంకెయు పరమసత్యము కాదు. ఐనను 0.727కంటె సత్యమునకు దగ్గర. ఆ సందిగ్ధమును విద్యార్థికి చెప్పుటయే శాస్త్రబోధ, దాచుట కాదు.

రెండవ ప్రశ్న: ఏ సంవత్సరపు గుణకము?

గత దశాబ్దపు పుస్తకములు, పటములు చూచినచో 0.82 అను గుణకము తరచుగా కనబడును. ఇప్పటికిని కొందరు దానినే వాడుచున్నారు. 0.82తో 200 యూనిట్లకు 164 కిలోగ్రాములు, 0.727తో 145. ఏమియు పొదుపు చేయని ఇల్లు పటముమీద 19 కిలోగ్రాములు తగ్గించినట్లు కనబడును! ఇందు ఇంటివారి ప్రయత్నమేమి?

దేశపు విద్యుత్తు కొంత శుభ్రపడినమాట నిజమే. కాని ఈ తగ్గుదలయంతయు అందువలన వచ్చినది కాదు. 0.82 అను అంకెను లెక్కించిననాడు గాలిమరలు, సౌరఫలకములు మొదలగువాని విద్యుత్తును సగటులో చేర్చలేదు. తరువాతి సంచికలలో వానిని చేర్చి లెక్కించిరి. నిర్వచనము మారినది, అంకె తగ్గినది. పాత మూరతో కొలిచిన గుడ్డను కొత్త గజముతో కొలిచి, గుడ్డ కురచయైనదనుటవంటిదే ఈ పోలిక. ఒక వ్యాపార సంస్థ మూలసంవత్సరమునకు 0.82ను, నేటికి 0.727ను వాడి నూటికి 11 పాళ్లు తగ్గించితిమని చాటినచో, ఆ తగ్గుదలలో తమ వంతు ఎంతయో, గ్రిడ్డు వంతు ఎంతయో, నిర్వచనపు వంతు ఎంతయో విడదీసి చూపుమని పాఠకుడు అడుగవలెను.

గుణకము ఎల్లప్పుడును తగ్గుననియు అనుకొనరాదు. 2022-23లో అది 0.716. మరుసటి యేడు 0.727కు పెరిగినది. 2023లో వానలు తగినంతగా లేక జలవిద్యుత్తు బాగుగా తగ్గుటయు, పెరిగిన అవసరమును బొగ్గు కేంద్రములు తీర్చుటయు ఇందుకు ముఖ్యకారణములు. ఆ యేడు నెలకు 200 యూనిట్లు మాత్రమే వాడిన ఇల్లు తన తప్పేమియు లేకయే రెండు కిలోగ్రాములు ఎక్కువ పంపినట్లు తేలును. గృహస్థుడు తన పొదుపును చూపదలచినచో ముందుగా యూనిట్లను చూపవలెను. వాయువు లెక్క ఆ తరువాత. యూనిట్టు అతని చేతిలోనిది. గుణకము దేశపు చేతిలోనిది.

"శ్రీశైలమునుండియు, నాగార్జునసాగరమునుండియు మనకు జలవిద్యుత్తు వచ్చుచుండగా, మన ఇంటికి దేశమంతటి బొగ్గు సగటు ఏల?" అని విద్యార్థులు అడుగుచుందురు. ఇది మంచి ప్రశ్న. ఒకప్పుడు దక్షిణ గ్రిడ్డు వేరుగా నడచెడిది. దానికి వేరు గుణకమును ఉండెడిది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుద్వారా దక్షిణ గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో ఒకే తాళమున కలిసినది. నాటినుండి తీగలోని విద్యుత్తుకు ఊరుపేరు లేదు. చెరువులో కలిసిన వాగునీటిని మరల వేరుచేయలేనట్లే, గ్రిడ్డులో కలిసిన శ్రీశైలపు విద్యుత్తును మన ఇంటికొరకు ఏరుకొనలేము. ఈ విషయమున ఏక గుణకమే యుక్తము.

మూడవ ప్రశ్న: ఏ వేళ వాడినది?

ఇదియే ముఖ్యమైన లోపము. 0.727 ఏడాది పొడవున, రేయింబవళ్లు కలిపి తీసిన సగటు. మిట్టమధ్యాహ్నము సౌరఫలకములు జోరుగా పనిచేయుచుండును. ప్రొద్దుగ్రుంకగనే అవి నిలిచిపోవును; అదే వేళకు ఇండ్లలో దీపములు, ఏసీలు, మిక్సీలు మొదలగును. ఆ భారమును ఎక్కువగా బొగ్గు మోయును. కొంత జలవిద్యుత్తు ఆదుకొనును. బట్టలు ఉదుకు మరను మధ్యాహ్నము నడపినను, రాత్రి ఎనిమిదికి నడపినను మీటరు ఒకే యూనిట్టు చూపును. సగటు గుణకమునకు ఈ రెండును ఒకటే. గాలికి ఒకటి కావు.

పొదుపు లెక్కకు సగటు ఇంకను తక్కువగా పనికివచ్చును. నీవు ఒక దీపము ఆర్పినప్పుడు గ్రిడ్డులోని కేంద్రములన్నియు తలకొంచెము తగ్గవు. పారుచున్న నీటి విద్యుత్తును, అణువిద్యుత్తును, ఉచితమైన ఎండ విద్యుత్తును అట్లే ఉంచి, ఇంధనము ఖర్చగు కేంద్రమును కొంచెము తగ్గింతురు. అది సాధారణముగా బొగ్గు కేంద్రము. కనుక తగ్గునది సగటు వాయువు కాదు, అంచున నడచు కేంద్రపు వాయువు.

ఒక ఉదాహరణ చూడుడు. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టితిమి. సాయంకాలమునుండి రోజుకు 5 గంటలు వెలుగును. ఏడాదికి ఆదా 93 యూనిట్లు. సగటు గుణకముతో హెచ్చించిన 68 కిలోగ్రాములు. అంచు కేంద్రము బొగ్గుదని మన నల్లబల్ల గుణకమైన 0.98ను తీసికొని, తీగల నష్టమునుకూడ కలిపినచో 109 కిలోగ్రాములు. ఒకే బల్బు, రెండు సమాధానములు, తేడా సగముకంటె ఎక్కువ. సగటును వాడిన విద్యార్థి తన పొదుపు విలువను తానే తగ్గించి చెప్పుకొన్నాడు.

విశేషమేమన, ఈ భేదము ప్రాధికార సంస్థకు తెలియనిది కాదు. ఆ పట్టికలు మొదట తయారైనది ఇంటి లెక్కలకొరకు కాదు. క్యోటో ఒడంబడిక క్రింద శుభ్రమైన కొత్త కేంద్రమును నిర్మించినవారు ఎంత వాయువును నివారించిరో తేల్చుట కొరకు అవి తయారైనవి. కనుకనే వానిలో సగటుతోపాటు మరి రెండు గుణకములు కలవు. తప్పనిసరిగా నడచు జల, అణు కేంద్రముల వంటివానిని మినహాయించి, మిగిలినవాని సగటు తీయుట ఒకటి. ఇటీవల కట్టిన కేంద్రముల సగటు తీయుట రెండవది. పొదుపు లెక్కకు దగ్గరి గుణకము అదే పుస్తకమున పక్క గడిలోనే ఉన్నది. మనవారు ఆ గడి దాటి సగటునే తీసికొనుచున్నారు. దోషము పుస్తకముది కాదు, చదివిన తీరుది. ఐనను ఒక లోపమును పుస్తకమునకే ఆరోపింపవలెను: గంటగంటకు మారు గుణకమును అది ఇయ్యదు. సౌరవిద్యుత్తు స్వల్పమైననాడు ఆ కొరత చిన్నది, నేడు పెద్దది.

ఇంటి పైకప్పు సౌరఫలకములు ఈ లోపమును స్పష్టముగా చూపును. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము ప్రారంభమైన పిదప అవి వేగముగా పెరుగుచున్నవి. ఒక ఇల్లు పగలు 200 యూనిట్లు గ్రిడ్డునకు పంపి, రాత్రులు 200 యూనిట్లు తెచ్చుకొన్నదనుకొందము. బిల్లులో నికరము సున్న. వాయువును సున్నయేనా? రాత్రి తెచ్చుకొన్నదానివలన వెలువడినది ఒక లెక్క. పగలు పంపినదానివలన నివారింపబడినది మరియొక లెక్క. రెండును విడిగా వ్రాయవలెను. ఆదాయమును ఖర్చును విడిగా వ్రాయక మిగులు మాత్రమే చూపిన పద్దును ఎవరును సరియైన పద్దనరు.

నాలుగవ ప్రశ్న: ఆ శుభ్రత ఎవరిది?

వ్యాపార సంస్థల లెక్కలో ఈ ప్రశ్న పదునెక్కును. గ్రీన్‌హౌస్ వాయు నియమావళికి 2015లో వెలువడిన అనుబంధ మార్గదర్శిని ప్రకారము కొన్న విద్యుత్తును రెండు విధముల లెక్కించి రెండును చూపవలెను. ఒకటి, సంస్థ ఉన్నచోటి గ్రిడ్డు సగటుతో. రెండవది, సంస్థ కుదుర్చుకొన్న ఒప్పందములు, కొన్న పత్రములనుబట్టి. మన దేశమున పునరుత్పాదక విద్యుత్ పత్రముల క్రయవిక్రయము 2011లో మొదలైనది. ఒక్కొక్క పత్రము వేయి యూనిట్లకు సమానము.

ఏటా పది లక్షల యూనిట్లు వాడు ఒక సంస్థను తలపోయుడు. మొదటి పద్ధతిలో దాని లెక్క 727 టన్నులు. అది వేయి పత్రములు కొన్నచో రెండవ పద్ధతిలో సున్న. ఏడాది మొత్తముమీద యూనిట్లు సరిపోయిన చాలును గనుక, మధ్యాహ్నపు ఎండతో పుట్టిన పత్రము అర్ధరాత్రి నడచిన యంత్రమును కడిగివేయును. రాత్రి ఎండ కాయదను సంగతి పత్రమునకు పట్టదు. ఈ లోపమును గుర్తించియే 2025లో ఆ నియమావళికి సవరణలు ప్రతిపాదించి, గంటగంటకు సరిపోల్చు విషయమై ప్రజాభిప్రాయము కోరిరి.

ఇంకొక దోషము మన గృహస్థునకును తగులును. ఆ సంస్థ తనదని చెప్పుకొన్న పది లక్షల శుభ్రమైన యూనిట్లు దేశపు సగటులోను చేరియున్నవి. ఆ సగటునే మన విద్యార్థి వాడుచున్నాడు. ఒకే శుభ్రతను సంస్థయు చెప్పుకొన్నది, ఇల్లును చెప్పుకొన్నది. ఒకే గాదెలోని వడ్లను ఇద్దరు అన్నదమ్ములు తమ తమ పద్దులలో పూర్తిగా వ్రాసికొన్నట్లున్నది. ఐరోపా దేశములలో ఇట్లు అమ్ముడుపోయిన భాగమును తీసివేసి, మిగిలినదాని గుణకమును వేరుగా ప్రకటించు ఏర్పాటు కలదు. పత్రముల వ్యాపారము పెరుగుచున్న మనకును అట్టిది అవసరము.

మరియొక మరపు డీజిల్ జనరేటరు. లీటరు డీజిల్ మండిన 2.68 కిలోగ్రాముల వాయువు వెలువడును; సుమారు మూడు యూనిట్లకు పైగా విద్యుత్తు వచ్చును. అనగా యూనిట్టుకు ఇంచుమించు 0.8 కిలోగ్రాములు. దుకాణములకు, ఆసుపత్రులకు, అపార్టుమెంట్లకు ఇది సామాన్యము. కాని కరెంటు బిల్లు మాత్రమే చూచువానికి ఇది కనబడదు. కోతలు పెరిగిన నెలలో బిల్లు తగ్గును. "మా ఉద్గారము తగ్గినది" అని పటము చెప్పును. వెనుక గదిలో జనరేటరు పొగ చిమ్ముచుండును.

ఉపాధ్యాయులు చేయదగినది

ఇంత విమర్శించినను, ఈ లెక్కను మానివేయుమనుట నా ఉద్దేశము కాదు. కంటికి కనబడని వాయువును కిలోగ్రాములలో పెట్టి, స్విచ్చునకును బొగ్గుగనికిని గల సంబంధమును పిల్లవానికి చూపు సాధనము ఇంతకంటె సులభమైనది లేదు. ఒక దేశము, ఒక పట్టణము, ఒక సంస్థ తమ వార్షిక పద్దు వ్రాసికొనుటకు సగటు గుణకము చాలును. దోషము, ఆ ఒక్క గుణకముచేతనే అన్ని ప్రశ్నలకు సమాధానము చెప్పబోవుటయందున్నది.

కావున ప్రాజెక్టు వ్రాయించునప్పుడు ఈ క్రింది మార్పులు చేయింపవచ్చును. గుణకము ప్రక్కన దాని సంవత్సరమును, ప్రకటించినవారి పేరును వ్రాయింపవలెను. కేంద్రపు గడపవద్ద ఎంత, మీటరువద్ద ఎంత అని రెండు అంకెలు చూపింపవలెను. "మొత్తము ఎంత?" అను ప్రశ్నకు సగటును, "ఎంత తగ్గును?" అను ప్రశ్నకు అంచు కేంద్రపు గుణకమును వాడింపవలెను. జనరేటరు ఉన్నచో దాని డీజిలును కలుపవలెను. చివరకు, 145.400 కిలోగ్రాములని మూడు దశాంశములు వ్రాయనీయరాదు. తీగల నష్టమే నిశ్చయముగా తెలియని లెక్కలో గ్రాముల ప్రసక్తి హాస్యాస్పదము. "సుమారు 150 నుండి 175" అని వ్రాసిన విద్యార్థికి ఎక్కువ మార్కులు ఇయ్యవలెను. అతడు తన కొలత హద్దులు ఎరిగినవాడు.

ఈ లెక్కలో పొరపాటు పడినచో నష్టము మార్కులలో మాత్రమే కాదు. రేపు ఈ అంకెలనుబట్టియే పన్నులు, రాయితీలు, కంపెనీల పేరుప్రతిష్ఠలు నిర్ణయమగును. పత్రములు కొని సున్న చూపినవాడు మెప్పు పొంది, సాయంకాలము దీపమార్పి నిజముగా బొగ్గు మిగిల్చినవాని కృషి పద్దులో సగమే కనబడినచో, మనుజులు పద్దును దిద్దుటకే అలవాటుపడుదురు. పొగను తగ్గించుటకు కాదు. గాలి మన పద్దులను చదువదు. దానికి తెలిసినది పొగగొట్టమునుండి వచ్చినదెంత అన్నదొక్కటే.